నాలుగున్నరేళ్ళ పాప ప్రతిదానికీ “నాకు రాదు” అంటోంది, ఏం చేయాలి?

మలైకాజా | నెల్లూరు

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. ఈమధ్య ఏం చెప్పినా ముందే “నాకు రాదు” అనేస్తోంది. చెప్పులు వేసుకోమంటే నాకు రాదు. బొమ్మ గీయమంటే “నువ్వే గియ్యి”. పజిల్ ముందు పెడితే ఒక ముక్క పట్టుకుంటుంది, అది కుదరకపోతే మొత్తం తోసేసి లేచిపోతుంది. క్లాసులో నోరు విప్పడం లేదని మిస్ చెప్పింది. ఇంట్లో మాత్రం వసపిట్ట.

క్లాసు గోడకి ఒక చార్టు ఉంది. వారానికొకరి ఫొటో పెట్టి “స్టార్” అంటారు. మా పాప ఫొటో ఇంతవరకు ఎక్కలేదు. ఆ లోటు తీరాలని నేను ఇంట్లో “నువ్వే నా స్టార్, నీ అంత తెలివైన పాప ప్రపంచంలోనే లేదు” అంటూనే ఉంటాను. మొన్న నావైపు చూసి “నువ్వు ఊరికే అంటావు” అంది!

ఇంత చిన్న వయసులోనే ఆత్మవిశ్వాసం తగ్గిపోతుందా? కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళాలా? మా అత్తగారేమో “పొగిడి పొగిడి నువ్వే దిష్టి పెట్టావు” అంటున్నారు. ఆవిడ రొట్టెల పండక్కి దర్గా దగ్గర చెరువులో దిగి పాపకి చదువు బాగా రావాలని కోరుకుని “చదువు రొట్టె” కూడా పట్టుకొచ్చారు.

పెన్నొడ్డు | నెల్లూరు, ప్రస్తుతం హైదరాబాద్

ఎల్‌కేజీకే చదువు రొట్టె! మీ అత్తగారికి ముందుచూపు ఎక్కువండీ. 🙂 ఏ స్కూలో చెప్పండి, తెలిసినవాళ్ళుంటే కనుక్కుంటాను.

అడ్మిన్

స్కూళ్ళ పేర్లు, టీచర్ల పేర్లు ఈ థ్రెడ్‌లో వద్దు. పోయినసారి ఎంత గొడవైందో పాతవాళ్ళకి తెలుసు.

అంగన్‌వాడీ అక్క | కోవూరు వైపు

మలైకాజా గారూ, ముందొకటి అడుగుతా. పొద్దున పాపకి చెప్పులు ఎవరు వేస్తున్నారు? అన్నం ఎవరు తినిపిస్తున్నారు? బ్యాగ్ ఎవరు మోస్తున్నారు? మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. బయట ఆటో హారన్ కొడుతుంటే ఏ తల్లయినా తనే గబగబా వేసేస్తుంది. పాప వైపు నుంచి చూడండి. తను మొదలుపెట్టిన పనల్లా మధ్యలో ఒక పెద్ద చెయ్యి వచ్చి లాగేసుకుంటుంది. కొన్నాళ్ళకి “నాకు రాదు” అనడమే పిలకాయలకి తేలిక. అది నిజం కూడా. రానిచ్చిందెక్కడ?

మా సెంటర్లో ఉడకబెట్టిన గుడ్డు పిలకాయలే ఒలుచుకుంటారు. అదో పెద్ద తంతు. పళ్ళెం అంచుకి ఒకడు మెల్లగా కొడతాడు, పగలదు. ఇంకొకడు ఒక్కటేస్తాడు, నలిగిపోతుంది. గోరుతో పెంకు ఎత్తబోతే లోపలి పొర పట్టుకుని తెల్లదంతా ఊడొస్తుంది. కొత్తగా చేరిన ఒక పాప గుడ్డు చేతిలో పట్టుకుని నా మొహం చూస్తూ కూర్చునేది. ఆయమ్మ చెయ్యి చాచబోతే నేను వద్దన్నాను. గుడ్డు వెడల్పు వైపు లోపల గాలి ఉండే ఖాళీ ఉంటుంది కదా, అక్కడ చిన్న పగులు పెట్టి ఇచ్చాను. అక్కడినుంచి తనే చేసింది. గౌను నిండా పెంకులు, గుడ్డు సగమైంది. నేను “సూపర్” అనలేదు. “ఆ పొర కింద వేలు పెట్టావు చూడు, అప్పుడు సులువుగా వచ్చింది” అన్నా. తర్వాత చూస్తే పక్కన పిల్లోడికి “పొర కింద వేలు పెట్టు” అని తనే పాఠం చెబుతోంది.

మీరు కూడా ఆటో టైముకి ఇంకా తీరుబడి ఉన్నప్పుడే చెప్పులు పాప చేతికిచ్చేయండి. బకిల్ ఉన్నవి కాకుండా అతికించే పట్టీవి కొనండి. ఎడమది కుడికి వేసుకుందనుకోండి, అట్టాగే ఎక్కనివ్వండి. కాలు నొప్పెడితే తనే మార్చుకుంటుంది.

గిత్త మాస్టారు | ఒంగోలు

నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. ఆ అమ్మాయి చెప్పిన గుడ్డు సంగతి నాకు బాగా నచ్చింది. కానీ ఈ ఆత్మవిశ్వాసం, ఆత్మగౌరవం, “సెల్ఫ్ ఎస్టీమ్” అనే మాటలు వింటేనే నాకు చిరాకు. మొక్కై వంగనిది మానై వంగునా? మా కాలంలో రెండు దెబ్బలు తిన్నవాళ్ళే డాక్టర్లు, కలెక్టర్లు అయ్యారు. ఇప్పుడు పిల్లవాడు తుమ్మితే చప్పట్లు, దగ్గితే సర్టిఫికెట్. యూకేజీ అయిపోయిందని నల్ల గౌను తొడిగి, టోపీ పెట్టి పట్టా ఇస్తున్నారు. మా మనవడికీ ఇచ్చారు, ఫొటోకి వేరే డబ్బులు. ఏం సాధించాడని? ఓటమి ఎలా ఉంటుందో తెలియకుండా పెంచితే రేపు పదో తరగతి ఫలితాల రోజు ఏమవుతుంది?

రొయ్యలరాజు | ముత్తుకూరు

మాస్టారూ, దెబ్బలు తిని కలెక్టర్లయినోళ్ళ లెక్క మీ దగ్గరుంది. దెబ్బలకి భయపడి బడి మానేసి రొయ్యల గుంటల మీద కాపలాకొచ్చినోళ్ళ లెక్క నా దగ్గరుంది.

పెన్నొడ్డు

👏👏

మొలగొలుకులు | నెల్లూరు

బీఈడీ కాలేజీలో సైకాలజీ చెబుతుంటాను. మాస్టారి చిరాకు సగం న్యాయమే. 1986లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం ఆత్మగౌరవం పెంచడానికని ఏకంగా ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. పిల్లలకి తమ మీద తమకి మంచి అభిప్రాయం కలిగిస్తే చదువు బాగుపడుతుంది, నేరాలు తగ్గుతాయి అని ఆశ. అక్కడినుంచే బడుల్లో చప్పట్లు, స్టిక్కర్లు, “నువ్వు ప్రత్యేకం” పాటలు ఊపందుకున్నాయి. 2003లో రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చూశారు. ఆత్మగౌరవం పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పని చేయగలగడం ముందు, తన మీద తనకి నమ్మకం ఆ వెనకే వస్తుందన్న వైపే ఆధారాలు మొగ్గాయి. గుడ్డు ఒలిచిన పాప విషయంలో జరిగిందదే.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను మాస్టారూ. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. “మొద్దు”, “దద్దమ్మ” అని పదిమంది ముందు అనడం కూడా దాని కిందికే వస్తుంది. చట్టం ఆరేళ్ళు నిండినవాళ్ళకే కదా అని కొందరు నర్సరీవాళ్ళు వాదిస్తారు. ఆరేళ్ళవాడిని కొట్టకూడదట, మూడేళ్ళవాడినైతే కొట్టొచ్చట!

మలైకాజా గారికి ఒక ముఖ్యమైన విషయం. సుసాన్ హార్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలు తమ గురించి తాము ఏమనుకుంటారో ఏళ్ళ తరబడి చూశారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు మామూలుగా ఉన్నదానికంటే ఎక్కువే చెప్పుకుంటారు. “నేను అందరికంటే ఫాస్ట్‌గా పరిగెత్తుతా”, “నాకు వందదాకా వచ్చు” అంటారు, తీరా అడిగితే పదిహేను దగ్గర ఆగిపోతారు. పక్కవాడితో పోల్చుకుని తనకి తాను మార్కులేసుకునే అలవాటు గట్టిపడేది ఇంచుమించు ఏడెనిమిదేళ్ళకి. కాబట్టి నాలుగున్నరేళ్ళ పాప ప్రతిదానికీ “నాకు రాదు” అంటోందంటే ఆ మాట ఎక్కడో విని ఉండాలి, లేదా తన వయసుకి మించిన పని ఎవరో ఆ చేతిలో పెట్టి ఉండాలి. హోంవర్క్ ఏమిస్తున్నారో ఒకసారి చూడండి.

మలైకాజా

చూశానండీ. నాలుగు గీతల పుస్తకంలో కర్సివ్, అంటే ఇంగ్లీషు కలిపిరాత. చిన్న ఎ నుంచి జెడ్ దాకా, రోజుకో పేజీ. తెలుగులో అ నుంచి అః వరకు. అంకెలు యాభై దాకా. గీత దాటితే మిస్ ఎర్ర ఇంకుతో చుట్టి, పక్కన ఏడుపు మొహం వేస్తుంది. పాప రాత్రి రాయనని మొండికేస్తే మా ఆయన చెయ్యి పట్టుకుని రాయించేస్తారు.

మార్కాపురం పలక

అదిగో దొంగ దొరికాడు. 🙂

నేను ఫిజియోథెరపిస్టుని. నాలుగేళ్ళ పిల్లల మణికట్టులో ఎముకలన్నీ ఇంకా ఏర్పడి ఉండవు. అక్కడ ఉండాల్సిన చిన్న చిన్న ఎముకల్లో కొన్ని అప్పటికి మెత్తటి మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. మొత్తం గట్టిపడేసరికి బడి సగం అయిపోతుంది. వేళ్ళతో సన్నని పెన్సిల్ పట్టుకుని, రెండు గీతల మధ్య అక్షరం ఇరికించడమంటే ఆ చేతికి చాకిరీ. ముందు భుజం, మోచెయ్యి, అరచెయ్యి గట్టిపడాలి. మట్టి పిసకడం, చపాతీ పిండి ముద్దలు చేయడం, చిక్కుడుకాయలు తుంచడం, తడిబట్ట పిండడం, చాక్‌పీస్‌తో నేల మీద పెద్ద పెద్ద సున్నాలు గీయడం, వీటన్నిటితో చెయ్యి తయారయ్యాక రాత దానంతటదే కుదురుతుంది.

అన్నట్టు మా ఊరి పేరు మీదుగా దేశమంతా పలకలు పోయేవి. నోట్‌బుక్ వచ్చి దాన్ని మింగేసింది. ఊరి మీద మమకారంతో చెప్పడం లేదు, వంకరగా వచ్చిన అక్షరాన్ని పలక మీదైతే పిల్ల తనే తుడిచేసుకుంటుంది. ఎర్ర ఇంకు చుట్టిన పేజీ ఏడాదంతా బ్యాగ్‌లోనే ఉంటుంది. తాత చూస్తాడు, పిన్ని చూస్తుంది, పక్కింటావిడ కూడా తిరగేస్తుంది. ఒక రాతి పలక, రెండు బలపాలు కొనండి. ఈ వయసుకి అంతకుమించి స్టేషనరీ అక్కర్లేదు.

సింగరాయకొండ ప్యాసింజర్

అందరూ టీచర్ని ఆడిపోసుకునేలోగా నేనూ కాస్త చెప్పుకుంటాను. నేనొక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్ని. పేరు చెప్పను, ఊరు కూడా నా ఐడీలోది కాదు. క్లాసులో 38 మంది. సాయం చేసేది ఒకే ఆయమ్మ, ఆవిడా మధ్యాహ్నం నుంచి నర్సరీకి పోతుంది. కర్సివ్ ఎల్‌కేజీకి వద్దని మాకు తెలీదా? ఒక నెల ఆటలతో నడిపి చూశాం. పేరెంట్స్ మీటింగ్‌లో “పుస్తకాలు ఖాళీగా ఉన్నాయేంది, ఫీజు తీసుకుని ఆటలాడిస్తున్నారా” అని నిలదీశారు. పక్క స్కూల్లో పిల్ల ఏ ఫర్ యాపిల్ నుంచి జెడ్ దాకా రాస్తోందని ఫోన్లో వీడియో చూపించారొకాయన. మర్నాటినుంచి మళ్ళీ పేజీలే.

స్టార్ చార్టు కూడా మేనేజ్‌మెంట్ ఇచ్చిందే. అది ఎవరికి దక్కుతుందో చెప్పనా? హోంవర్క్ నీటుగా ఉన్నవాళ్ళకి. ఆ నీటు రాత చాలావరకు అమ్మలదే.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. యానివర్సరీ డాన్సులో ముందు వరసలో ఎవరుంటారో ఎప్పుడైనా గమనించారా? తెల్లగా ఉన్న పిల్లలు, లేదంటే కాస్ట్యూమ్‌కి వెంటనే డబ్బు కట్టినవాళ్ళు. నా క్లాసులో ఒక పాప ఉంది, అడుగులు అందరికంటే బాగా వేస్తుంది. “ఆమె వెనక ఉంటే బాగుంటుంది, ఫొటోలో డల్‌గా వస్తుంది” అన్నారు. ఆ మాట పిల్ల పక్కనుండగానే అన్నారు. తర్వాత రిహార్సల్స్‌లో ఎవరూ చెప్పకుండానే తను వెళ్ళి వెనక వరసలో నిలబడేది. బొమ్మ వేయమంటే తన మొహానికి తెల్ల క్రేయాన్ వెతుక్కునేది. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్ ఏం కనిపిస్తుంది?

మలైకాజా

అయ్యో.

గిత్త మాస్టారు

నీ పోస్టు రెండుసార్లు చదివానమ్మా. ఆ పాపను ముందు వరసలోకి తెచ్చారా?

సింగరాయకొండ ప్యాసింజర్

పాటకి మధ్యలో వరసలు మారేలా చేశాను మాస్టారూ. మొదటి చరణానికి వెనకవాళ్ళు ముందుకొస్తారు. నేను చేయగలిగింది అంతే.

తుమ్మలపెంట అల | కావలి

ప్రభుత్వ బడిలో ఒకటి, రెండు తరగతులు చెబుతాను. మా దగ్గర సముద్రపు ఒడ్డు పాలేల నుంచి చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్లలు వస్తారు. ఇళ్ళల్లో తమిళం కలిసిన మాట. ఒకటో తరగతిలో అడుగుపెట్టిన రోజే వాళ్ళ మాటకి మిగతా పిల్లలు నవ్వుతారు. ఒక్కోసారి టీచర్లు కూడా నవ్వుతారు. ఆ నవ్వు విన్నవాడు చాలాకాలం నోరు తెరవడు. మనమేమో “మందబుద్ధి” అని రిజిస్టర్లో కాకపోయినా మనసులో రాసుకుంటాం. వాడే ఒడ్డున నిలబడి అల చూసి వలలో ఏం పడుతుందో చెబుతాడు. చేపల పేర్లు నాకంటే పదింతలు తెలుసు.

నేను చేసిందల్లా గోడ మీద చేపల బొమ్మలు పెట్టి వాళ్ళ పేర్లు వాళ్ళ మాటలోనే చెప్పించుకోవడం. వంజరం, మాగ, సందువా అని వాళ్ళు చెబుతుంటే ఊళ్ళోపలి పిల్లలు నోరెళ్ళబెట్టి విన్నారు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది. కాగితం మీద బాగానే ఉంది. ఇంటి భాషంటే పాఠ్యపుస్తకం తెలుగు ఒక్కటే కాదని గుర్తుంటే చాలు.

మలైకాజా గారూ, మీ పాప స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైనా?

మలైకాజా

ఫైన్ లేదు కానీ “ఇంగ్లీష్ ప్లీజ్” అని బోర్డుంది. పాపకి బాత్రూంకి వెళ్ళాలని ఇంగ్లీషులో అడగడం రాక ఒకరోజు గౌను తడుపుకుని వచ్చింది. ఆ రోజునుంచే నోరు మూసుకుందేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

అంగన్‌వాడీ అక్క

అనుమానమేం లేదండీ. వెళ్ళి మిస్‌తో ఆ ఒక్కదాని గురించి మాట్లాడండి. బాత్రూం, నీళ్ళు, నొప్పి, ఈ మూడింటికీ ఏ భాషైనా సరే, చెయ్యెత్తినా సరే అని పాప ముందే చెప్పించండి. మిగతావన్నీ తర్వాత.

పెన్నొడ్డు

ప్రొఫెసర్ గారూ, పొగడ్తల సంగతి కాస్త వివరంగా చెప్పండి. మా వాడికి మూడేళ్ళు. రోజుకి వందసార్లు “గుడ్ బాయ్” అంటాం ఇంట్లో. అదీ తప్పేనా?

మొలగొలుకులు

ప్రొఫెసర్ కాదండీ, లెక్చరర్ని. తప్పేం కాదు గానీ దాని పనితనం ఎంతో చెబుతాను.

2007లో నాలుగేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలాట లాంటిది, పిల్లలు ఒక బొమ్మ వేసినట్టు నటిస్తారు. కొందరితో “నువ్వు బొమ్మలు బాగా వేసే పిల్లవి” అన్నారు, ఇంకొందరితో “ఈ బొమ్మ బాగా వేశావు” అన్నారు. అంతా బాగున్నంతసేపూ ఇద్దరూ ఒకేలా మురిసిపోయారు. తర్వాత కథలో చిన్న పొరపాటు పెట్టారు, పిల్లికి చెవులు మర్చిపోవడం లాంటిది. అప్పుడు “బాగా వేసే పిల్లవి” అనిపించుకున్నవాళ్ళు ఎక్కువ డీలా పడ్డారు, మళ్ళీ వేస్తావా అంటే వెనకాడారు. బొమ్మ పాడైతే “నేను బొమ్మలు వేసే పిల్లని” అన్నది కూడా పాడైపోయినట్టే కదా వాళ్ళకి.

2014లో నెదర్లాండ్స్‌లో మరొకటి. కాస్త పెద్దపిల్లలు, వాన్‌గో వేసిన గులాబీల చిత్రం చూసి గీయమన్నారు. ఒక చిత్రకారుడు రాశాడని చెప్పి చీటీలిచ్చారు. కొన్నిటిలో “బాగుంది” అని, కొన్నిటిలో “మహాద్భుతంగా ఉంది” అని. తమ మీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లలకి “మహాద్భుతం” చీటీ వస్తే, ఆ తర్వాత కష్టమైన బొమ్మలు వదిలేసి తేలికవి ఎంచుకున్నారు. ఆ స్థాయి మళ్ళీ అందుకోలేమన్న భయం. తల్లిదండ్రులు సరిగ్గా ఇలాంటి పిల్లలకే జాలిపడి మరీ ఎక్కువ పొగుడుతారని కూడా అదే పరిశోధనలో తేలింది. మలైకాజా గారి పాప “నువ్వు ఊరికే అంటావు” అన్నదంటే చాలా తెలివైన పిల్ల. (ఇది మాత్రం పాపకి చెప్పకండి!)

సర్టిఫికెట్ల గురించి మాస్టారు అన్నదానికి అన్నిటికంటే పాత సాక్ష్యం ఉంది. 1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో, రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి “బొమ్మ వేస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం” అని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత అవే పెన్నులు ఊరికే బల్ల మీద పెడితే, ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు వాటిని ముట్టుకున్న సమయం మిగతావాళ్ళలో సగమే. ఏమీ ఇవ్వనివాళ్ళు, చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు.

పెన్నొడ్డు

అంతా అమెరికా, యూరప్ పిల్లలేనా? మనవాళ్ళెవరూ లేరా?

మొలగొలుకులు

మంచి ప్రశ్న. ఆ ఫలితాలు అంతటా ఒకేలా ఉంటాయని నేనూ అనను. “తెలివిని కాదు, కృషిని మెచ్చుకోండి” అన్న మనస్తత్వ శాస్త్రవేత్త కారల్ డ్వెక్ సిద్ధాంతం మన ట్రైనింగుల్లో వేదవాక్కు అయిపోయింది గానీ, 2018లో చాలా అధ్యయనాలు కలిపి చూస్తే దాని ప్రభావం బడి మార్కుల మీద చిన్నదే అని వచ్చింది. “నీ కృషి బాగుంది” అని రోజంతా వల్లిస్తే అదీ ఇంకో “గుడ్ బాయ్” అయిపోతుంది.

మనవాళ్ళంటే గిజూభాయి బధేకా ఉన్నారు. వకీలు వృత్తి వదిలి 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. దెబ్బలూ వద్దు, బహుమతులూ వద్దు, రెండూ పిల్లవాడిని పనినుంచి పక్కకి తిప్పేవే అన్నారాయన. పిల్లలు ఆయన్ని మీసాలమ్మ అనేవాళ్ళట. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్ వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల దూరంలో టీచర్లకి పాఠాలు చెప్పారు. పిల్లవాడి చేతికి అందే ఎత్తులో కుర్చీ, కూజా, చీపురు పెట్టమన్నారు. ఇవాళ ఆ పేరు బోర్డు మీదే మిగిలింది. లోపలికెళ్తే కర్సివ్ పుస్తకాలు.

గిత్త మాస్టారు

గిజూభాయి పేరు ట్రైనింగ్ రోజుల్లో విన్నాను. పరీక్షకి చదివి వదిలేశాం. బహుమతులు వద్దన్నాడంటే నాకు ఆయనతో పేచీ లేదు. దెబ్బల సంగతి మీరంతా కలిసి నన్ను ఒప్పించలేరు గానీ, ఈ వయసు పిల్లలకి మాత్రం వద్దు. అక్కడికి వస్తాను.

రొయ్యలరాజు

మాస్టారు సగం దిగొచ్చారు. 🙂

నాదీ ఒక గోల వినండి. మా వాడికి ఐదేళ్ళు. ఎడమచేతి వాటం. అన్నం ఎడమ చేత్తో తింటే మా అమ్మ ఆ చేతి మీద ఒక్కటేస్తుంది. బళ్ళో పెన్సిల్ కుడిచేతికి మారుస్తారు. పెళ్ళికి పోతే బంతిలో చుట్టాలు “ఏందిరా ఆ చెయ్యి” అంటారు. ఇప్పుడు వాడు ఏ చేత్తో ఏం చేయాలో తెలీక రెండు చేతులూ వెనక పెట్టుకుని నిలబడుతున్నాడు. మా అమ్మకి ఎట్టా చెప్పేది?

మార్కాపురం పలక

రాత, బొమ్మలు, బంతి, కత్తెర, ఇవన్నీ ఎడమ చేత్తోనే చేయనివ్వండి రాజు గారూ. వాటం మెదడునుంచి వచ్చేది, అలవాటు కాదు. బలవంతంగా మారిస్తే రాత ఆలస్యమవుతుంది, పిల్లవాడికి చిరాకు మిగులుతుంది. స్కూలుకి ఒక చీటీ రాసివ్వండి, పెన్సిల్ మార్చొద్దని. బల్ల మీద ఎడమ చివర కూర్చోబెట్టమనండి, లేకపోతే పక్కవాడి మోచెయ్యి తగులుతూ ఉంటుంది.

అన్నం దగ్గర మీ అమ్మగారితో పంతానికి పోకండి. స్పూన్ ఇస్తే ఆ గొడవే ఉండదు. నేనైతే పెద్దావిడ ముందు వాడిచేత రొయ్యల తలలు ఎడమ చేత్తో తీయించి చూపిస్తాను. ఎంత చకచకా తీస్తాడో చూశాక ఆవిడే మాట మారుస్తుంది.

తుమ్మలపెంట అల

ఐదేళ్ళోడు రొయ్యలు ఒలవడమా! ముత్తుకూరు పిల్లోడు కాబట్టి ఒప్పుకుంటాం.

మలైకాజా

అందరికీ థ్యాంక్స్. మిస్‌ని కలిశాను. ఆవిడా పాపం అలసిపోయి ఉంది. బాత్రూం సంగతికి వెంటనే సరే అంది. హోంవర్క్ తగ్గించడం తన చేతిలో లేదట, కానీ మా పాప పుస్తకంలో ఏడుపు మొహాలు వేయనని చెప్పింది. మా ఆయన చెయ్యి పట్టి రాయించడం మానేశారు. ఇప్పుడు రాత్రిపూట పాప చిక్కుడుకాయలు తుంచుతోంది. పీచుతో సహా కూరలో పడుతున్నాయి, అత్తగారు నోరు మెదపకుండా తింటున్నారు.

ఇంకా క్లాసులో మాట్లాడటం మాత్రం లేదు. ఎంతకాలం చూడాలి?

మొలగొలుకులు

బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత కూడా ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నెలకి మించి ఒక్క మాట రాకపోతే దాన్ని మొండితనం అనుకోకూడదు. సెలెక్టివ్ మ్యూటిజం అనే ఒక రకమైన ఆందోళన ఉంది, పిల్లల మానసిక నిపుణులు దానికి సాయం చేయగలరు. “మాట్లాడితే చాక్లెట్ ఇస్తా” అనడం, అందరి ముందు నిలబెట్టి అడగడం చేస్తే ఇంకా బిగుసుకుపోతారు. పాప ఎవరితోనైనా గుసగుసగా మాట్లాడుతోందా? ఒక్క స్నేహితురాలున్నా అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ఆ పిల్లని ఆదివారం మీ ఇంటికి ఆడుకోవడానికి పిలవండి.

అంగన్‌వాడీ అక్క

దానికంటే ముందు చెవులు చూపించండి. జలుబు చేసి చెవిలో నీరు చేరితే పిలకాయలకి సగమే వినిపిస్తుంది. గోలగా ఉన్న క్లాసులో అసలు అర్థంకాదు, ఇంట్లో దగ్గరగా మాట్లాడతాం కాబట్టి తెలీదు. ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) టీములు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి వచ్చి పిలకాయల్ని చూస్తాయి. ఏదైనా తేడా ఉంటే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే కేంద్రం) రాసిస్తారు, అక్కడ చూపించడం ఉచితం. మీ పాప ప్రైవేటు స్కూలు కాబట్టి మీరే ఒక ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

మలైకాజా

పాపకి జలుబు తరచూ ఉంటుంది. ఈ శనివారమే వెళ్తాం. స్నేహితురాలు ఒకరుంది, ఆటోలో పక్కన కూర్చుంటుంది. ఆ పాపతో మాట్లాడుతుందని ఆటో అన్న చెప్పాడు.

సింగరాయకొండ ప్యాసింజర్

ఆటో అన్నలకి మాకంటే ఎక్కువ తెలుసు. నిజంగా.

రొయ్యలరాజు

పలక గారూ, మీరన్నట్టే స్కూలుకి చీటీ రాసిచ్చా, ఒప్పుకున్నారు. కొత్త సమస్య. కత్తెరతో కాగితం కత్తిరించమంటే వాడికి తెగడం లేదు. ఎడమ చేత్తో పట్టుకుంటే కాగితం మడిచిపోతోంది. “నా చెయ్యి మంచిది కాదు” అని ఏడ్చాడు.

మార్కాపురం పలక

చెయ్యి మంచిదే, కత్తెరే కుడిచేతివాళ్ళది. మామూలు కత్తెరని ఎడమ చేత్తో నొక్కితే రెండు రేకులు దగ్గరికి రావడానికి బదులు ఎడంగా జరుగుతాయి, మధ్యలో కాగితం మడత పడుతుంది. పైగా పై రేకు అడ్డొచ్చి గీత కనిపించదు. ఆ మాట వాడికే చెప్పండి, మీరు కూడా ఎడమ చేత్తో కత్తిరించి చూపించండి, మీకూ తెగదు. రేకులు తిరగేసి చేసిన ఎడమచేతి కత్తెరలు పిల్లల సైజులో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

రొయ్యలరాజు

ఇప్పుడే ప్రయత్నించా. నిజమే, తెగలా. వాడు పకపకా నవ్వుతున్నాడు. ట్రంక్ రోడ్డు షాపుల్లో అడిగితే అట్టాంటిది ఒకటుందనే తెలీదన్నారు. ఆన్‌లైన్‌లోనే పెడతా.

అంగన్‌వాడీ అక్క

రాజు తమ్ముడూ, నాకూ రెండు కలిపి ఆర్డర్ పెట్టు. మా సెంటర్లో ఎడమచేతోళ్ళు ఇద్దరున్నారు. డబ్బులు ఫోన్‌పే చేస్తా.